రంపం, తాడు, కొమ్మ: చెట్ల పనివారి ప్రశ్నలకు జవాబులు

సొంతంగా చెట్ల పని చేసుకునేవారి నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఒకరి కింద పనిచేస్తున్నప్పుడు తాడు పాతబడిందనో, రంపం చైన్ మొద్దుబారిందనో చెప్పడానికి పైన ఎవరో ఒకరుంటారు. సొంత పనిలో ఆ కన్ను కూడా మనదే కావాలి. అందుకే జవాబుల్లో కొలతలూ గుర్తులూ వీలైనంత విడమరిచి చెబుతున్నాం.

ప్రశ్న: రెండేళ్లు ఒక బృందంలో పనిచేశాను. ఇప్పుడు సొంతంగా మొదలుపెడుతున్నాను. అన్నీ ఒకేసారి కొనలేను. ముందు ఏవి కొనాలి, ఏవి అద్దెకు తెచ్చుకోవచ్చు?

మీ బరువు మోసేవి, మీ ఒంటిని కాచేవి ముందు కొనండి. అవి కొత్తవే కావాలి. వాడిన తాడు, వాడిన హార్నెస్ (ఎక్కేటప్పుడు ఒంటికి కట్టుకునే పట్టీలు) ఎంత చవగ్గా దొరికినా వద్దు. వాటి మీద ఏ ఆసిడ్ పడిందో, అవి ఎన్నిసార్లు కుదుపు తిన్నాయో కంటికి కనిపించదు.

ఎక్కే తాడు 11.7 నుంచి 13 మిల్లీమీటర్ల మందంలో ఉండాలి. రెండు పేటలుగా వేసి ఎక్కే పద్ధతిలో 20 మీటర్ల ఎత్తున కొక్కెం (తాడును పైన ఆన్చే చోటు) వేయాలంటే 40 మీటర్ల తాడు సరిపోతుందనిపిస్తుంది. ముడులకూ, పక్క కొమ్మల మీదికి నడిచినప్పుడు పట్టే నిడివికీ కలిపి 45 మీటర్లు తీసుకోండి. మధ్యలో స్టీలు తీగ ఉన్న నడుము తాడు ఒకటి, మూడు కదలికలతో తెరుచుకునే కారబినర్లు (తాళ్లు తగిలించే లోహపు కొక్కేలు) అరడజను, తాడును పై కొమ్మ మీదికి చేర్చే విసురు దారం, 300 గ్రాముల దగ్గర బరువున్న విసురు సంచి కావాలి. ఎక్కే సామాను మొత్తం రెండు జతలు ఉండాలి. రెండోది కింద నిలబడే మనిషి కోసం. పైన మీకేమైనా అయితే అతను ఎక్కాల్సి వస్తుంది.

హెల్మెట్ల విషయంలో చాలామంది పొరబడే చోటొకటుంది. మామూలు నిర్మాణ పని హెల్మెట్ గడ్డం పట్టీ 150 నుంచి 250 న్యూటన్ల లాగుడుకే ఊడిపోవాలని దాని ప్రమాణం. ఎక్కడైనా చిక్కుకుంటే మెడ బిగుసుకోకూడదని అలా పెట్టారు. పర్వతారోహణ హెల్మెట్ పట్టీ 500 న్యూటన్లకు కూడా నిలవాలి. పై నుంచి జారినప్పుడు టోపీ తల మీదే ఉండాలి కాబట్టి చెట్టెక్కేవారికి రెండోదే కావాలి.

రంపం తగిలినా కాలు తెగకుండా కాచే ప్యాంటు మీద ఒక అంకె ఉంటుంది. 1 అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే చైన్‌కు పరీక్షించినది, 2 అంటే 24, 3 అంటే 28. ముందు వైపే రక్షణ ఉండే రకం నేల మీద పనికి చాలు. చెట్టు మీద కాళ్లు రకరకాల కోణాల్లో ఉంటాయి కాబట్టి చుట్టూ రక్షణ ఉండేది తీసుకోండి. లోపలి పీచు పోగులు బయటికొచ్చి చైన్ పళ్లకు చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. ఒక్కసారి కోసుకుపోయిన ప్యాంటు ఇక పనికిరాదు, కుట్టించి వాడకూడదు.

రంపాలు మూడు చాలు. ఒరతో ఉండే వంపు చేతి రంపం. చెట్టు మీదికి 30–35 సెంటీమీటర్ల బార్‌తో (చైన్ తిరిగే పలక) 3–4 కిలోల పైపిడి రంపం. నేల మీదికి 50–60 సీసీ వెనకపిడి రంపం. పైపిడి రంపాన్ని కింద వాడకండి. దాని పిడులు రెండూ దగ్గరగా ఉంటాయి, ముక్కు (బార్ కొస) ఎగదన్నితే అదుపు చేసే పట్టు ఉండదు. కొమ్మల్ని ముక్కలు చేసే చిప్పర్, మొద్దును అరగదీసే యంత్రం మొదటి ఏడాది అద్దెకే తెచ్చుకోండి. ఏ నెల ఎన్ని రోజులు వాడారో రాసి పెట్టుకుంటే, ఎప్పుడు కొనాలో ఆ లెక్కే చెబుతుంది.

ప్రశ్న: చైన్‌కు పదును పెడుతూనే ఉన్నాను. అయినా రంపం నిటారుగా దిగదు, ఒక పక్కకు ఒరిగిపోతుంది. పొట్టు కూడా పిండిలా వస్తోంది.

రెండు జబ్బులు కలిసి ఉన్నాయి. పొట్టు సంగతి ముందు చూద్దాం. పదునున్న చైన్ చిన్న చిన్న చెక్కముక్కలు విసురుతుంది. పిండి రాలుతోందంటే అది కోయడం లేదు, రాపిడి చేస్తోంది. మీరు బలంగా నొక్కాల్సి వస్తుంటే అదే గుర్తు.

ఆకురాయి మందం చైన్ పిచ్‌ను (లింకుల మధ్య ఎడం, అంగుళాల్లో చెబుతారు) బట్టి మారుతుంది. 3/8 లో ప్రొఫైల్ చైన్‌కు 4 మిల్లీమీటర్లు, .325కు 4.8, పెద్ద 3/8కు తయారీదారును బట్టి 5.2 లేదా 5.5. సన్న ఆకురాయితో రుద్దితే పన్ను కొస కొక్కెంలా వంగి త్వరగా విరుగుతుంది. లావుదైతే పన్ను వెనక్కి వాలి చెక్కను పట్టదు. ఆకురాయిలో అయిదో వంతు పన్ను పై అంచు కంటే ఎత్తులో ఉండాలి. కోణం మామూలుగా 30 డిగ్రీలు. లోపలి నుంచి బయటికి, ఒకే దిశలో తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. రానూపోనూ రుద్దితే ఆకురాయే మొద్దుబారుతుంది.

ఇక పక్కకు ఒరగడం. కుడిచేతివాటం మనిషికి ఒక వైపు పళ్లు సులువుగా అందుతాయి, రెండో వైపువి అందవు. తెలియకుండానే ఒక వైపు ఎక్కువ అరుగుతుంది. చైన్ పొడుగ్గా, పదునుగా ఉన్న పళ్ల వైపు లాగుతుంది. ఎక్కువ పాడైన పన్నుతో మొదలుపెట్టండి. అది బాగుపడటానికి ఎన్ని తోపులు పట్టాయో లెక్కపెట్టి, పళ్లన్నిటికీ అన్నే ఇవ్వండి. తర్వాత కాలిపర్‌తో కుడి ఎడమ పళ్ల పొడవు కొలిచి చూడండి.

పళ్లు సమానంగా ఉన్నా ఒరుగుతుంటే తప్పు బార్‌ది. చైన్ తీసేసి, బార్‌ను గాజు పలక మీద అంచు ఆన్చి నిలబెట్టండి. పక్కకు వాలితే పట్టాలు ఎత్తుపల్లాలుగా అరిగాయన్నమాట. చదునైన ఆకురాయితో సరిచేయవచ్చు. చైన్ మార్చిన ప్రతిసారీ బార్‌ను తిరగేసి బిగిస్తే ఈ బాధ చాలా ఆలస్యంగా వస్తుంది.

ఒక్క మాట మరిచిపోవద్దు: పన్ను ముందుండే లోతు కొలత మొటిమను కూడా మూడు నాలుగు పదునులకోసారి చూసుకోవాలి. పన్ను కంటే అది దాదాపు 0.65 మిల్లీమీటర్లు కిందుండాలి, గేజ్ పెట్టి చూడండి. ఎత్తుగా వదిలేస్తే ఎంత పదునున్నా చైన్ చెక్క మీద జారిపోతుంది. అతిగా అరగదీస్తే పన్ను లోతుగా కరిచి ముక్కు ఎగదన్నుతుంది. రెండోదే ప్రమాదం.

ప్రశ్న: రంపం పొద్దున బాగానే స్టార్టవుతుంది. పావుగంట నడిచాక ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ నడుస్తుంది.

ముందు ట్యాంకు మూత వదులు చేయండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడై, రంపం వెంటనే స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం పూడిపోయిందన్నమాట. పెట్రోలు తగ్గే కొద్దీ లోపల శూన్యం ఏర్పడి కార్బురేటర్‌కు ఇంధనం రాదు. దాన్ని శుభ్రం చేస్తే సరిపోతుంది, లేదా మార్చాలి.

అది కాకపోతే స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు ముంచేసింది. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. అప్పుడు ట్యాంకులోని ఫిల్టరు, పగిలిన గొట్టం చూడాలి. ప్లగ్ ఎడం 0.5 మిల్లీమీటర్లు. సైలెన్సర్‌లోని జాలీ మసితో మూసుకుపోయినా వేడెక్కాక బలం తగ్గుతుంది.

ఇంధనం కలపడంలో పొరపాటు ఇంజన్‌నే తినేస్తుంది. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు, 5 లీటర్లకు 100. డబ్బా మీద కలిపిన తేదీ రాయండి. నెల దాటింది వాడొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను లాగుతుంది, కార్బురేటర్‌లోని పల్చటి పొర గట్టిపడుతుంది. ఇంజన్ ఎప్పుడూ లేనంత వేగంతో, కీచుగా తిరుగుతోందంటే ఎక్కడో అదనపు గాలి దూరుతోంది. అప్పుడే ఆపేయాలి. ఇంకో అయిదు నిమిషాలు నడిపితే పిస్టన్ గీసుకుపోతుంది.

ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చైన్ కదలకూడదు. ఐడిల్ స్క్రూ తగ్గించినా కదులుతుంటే క్లచ్ స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు. ఆ రంపంతో చెట్టెక్కకండి.

ప్రశ్న: ఎక్కే తాడు ఎన్నాళ్లు వాడొచ్చు? బయటికి బాగానే కనిపిస్తోంది.

తయారీదారు పెట్టిన గడువు దాటకూడదు. గడువు లోపలే పాడవదన్న హామీ మాత్రం ఏమీ లేదు. ఎక్కే ముందు ప్రతిరోజూ తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా చేతుల్లోంచి పోనివ్వండి. చేతికి తొడుగు లేకుండా. కళ్లకంటే వేళ్లే ముందు పసిగడతాయి. ఎక్కడైనా మెత్తగా, గుల్లగా తగిలితే లోపలి పోగులు తెగి ఉంటాయి. గాజులా మెరుస్తూ గట్టిగా ఉంటే వేగంగా జారడం వల్ల కరిగిన చోటు. పై అల్లిక లోపలి దారం మీద జారిపోతుంటే, లోపలి దారం బయటికి కనిపిస్తుంటే, రంపం పన్ను తగిలి ఉంటే ఆ తాడుతో ఎక్కడం ముగిసినట్టే. బ్యాటరీ ఆసిడ్ పక్కన ఉంచిన తాడును చూడటానికి బాగున్నా నమ్మకండి.

పట్టుముడి (ఎక్కే తాడు చుట్టూ వేసే, బరువు పడితే బిగుసుకునే ముడి) వేసే చిన్న తాడు అన్నిటికంటే ముందు అరుగుతుంది. 8–10 మిల్లీమీటర్ల మందంలో, వేడిని తట్టుకునే రకం కొని, అదనంగా ఒకటి సంచీలో ఉంచుకోండి. ప్రతిసారీ మోకాలెత్తులో మీ బరువంతా వేసి చూశాకే పైకి కదలండి. తాడు కింది కొసకు ముడి తప్పనిసరి. అది లేక, దిగుతూ తాడు చివరి నుంచి జారిపోయినవాళ్లున్నారు.

కొక్కెం వేసే పంగ ఆరోగ్యంగా, కనీసం 10 సెంటీమీటర్ల మందంతో ఉండాలి. తాడు ఒక కొసను చెట్టు మొదట్లో కట్టి ఒంటి తాడు మీద ఎక్కే పద్ధతిలో పై పంగ మీద మీ బరువుకు దాదాపు రెట్టింపు పడుతుంది. ఆ లెక్క చూసుకునే పంగ ఎంచుకోండి. రంపం చేతిలో ఉన్నంతసేపూ ఎక్కే తాడూ నడుము తాడూ రెండూ మిమ్మల్ని పట్టి ఉంచాలి. నడుము తాడులోని స్టీలు తీగ రంపాన్ని కొంత ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు.

ప్రశ్న: దుంగల్ని తాడు కట్టి దింపుతుంటే కప్పీ కట్టిన చోట చెట్టు ఊగిపోతోంది. తాడు బలమైనదే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

దుంగ బరువును కళ్లతో అంచనా వేస్తున్నారు. పచ్చి చెక్కను ఘనపు మీటరుకు 1000 కిలోలుగా తీసుకోండి. కొన్ని జాతులు తేలికే, అయినా ఈ అంకెతో లెక్కవేస్తే తప్పు చాలావరకు భద్రత వైపే ఉంటుంది. వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 785తో గుణిస్తే కిలోలు వస్తాయి. మీటరు పొడవు దుంగ 20 సెంటీమీటర్ల మందమైతే సుమారు 31 కిలోలు, 40 అయితే 125, 60 అయితే 280 పైనే. మందం రెట్టింపైతే బరువు నాలుగింతలు. చేతులకు అలవాటైన అంచనా తప్పేది ఇక్కడే.

ఇక కప్పీ. దుంగ ఒక పక్క 125 కిలోలతో లాగుతుంటే, కింద తాడు పట్టిన మనిషి రెండో పక్క దాదాపు అంతే లాగుతున్నాడు. కప్పీ కట్టిన పట్టీ మీద పడేది 250 దగ్గర. ఇది కదలకుండా వేలాడుతున్నప్పటి లెక్క. కప్పీ కంటే పైనున్న దుంగను కోసి కిందికి వాల్చి, తాడును ఒక్కసారిగా బిగపడితే ఆ కుదుపు బరువుకు ఎన్నో రెట్లు అవుతుంది. మీ చెట్టు ఊగుతున్నది అందుకే. మీరు కూడా అదే కాండానికి కట్టుకుని ఉంటారు కదా.

ముక్క పొడవు సగం చేయండి. బరువు సగమవుతుంది, పడే దూరమూ తగ్గుతుంది. రెండూ కలిసి తాడు ఆపాల్సిన శక్తి నాలుగో వంతుకు దగ్గరవుతుంది. కప్పీని కోత కింద వీలైనంత దగ్గరగా కట్టండి. కింది మనిషి తాడును వెంటనే బిగపట్టకుండా, చెట్టు మొదట్లోని దింపుడు గొట్టం చుట్టూ జారనిస్తూ మెల్లగా ఆపాలి. ఎన్ని చుట్లు వేయాలో మొదటి ముక్కను చిన్నదిగా కోసి తెలుసుకోండి. రెండు చుట్లకే అదుపులోకి వస్తే మూడో చుట్టు వద్దు. బిగుసుకుపోతే జారదు, కుదుపంతా పైకే వస్తుంది.

తాడు లేబుల్ మీద తెగే బరువు 4000 కిలోలని ఉంటే, దింపుడు పనికి 400 దాటించకండి. ముడి వేసిన చోటే మూడో వంతు బలం పోతుంది, కుదుపు మరికొంత తింటుంది. దింపుడు తాడునూ ఎక్కే తాడునూ ఎప్పుడూ కలపొద్దు. రంగులు వేరుగా ఉంటే ఏ రోజూ సందేహం రాదు.

ప్రశ్న: ఇంటివాళ్లు కొమ్మను కాండానికి ఆనించి నున్నగా కోయమంటారు. కోసిన చోట రంగు వేయమంటారు. ఎత్తు తగ్గించడానికి తల నరకమంటారు. ఎలా చెప్పాలి?

మూడూ చెట్టుకు చేటే. కొమ్మ పుట్టిన చోట అడుగున ఉబ్బెత్తుగా ఒక కాలరుంటుంది. పైన పంగలో బెరడు మడతపడిన గీత ఉంటుంది. గాయాన్ని మూసే కణాలు పెరిగేది అక్కడి నుంచే. ఆ కాలరును వదిలి, దాని బయట కోయాలి. ఆనించి కోస్తే కాండాన్నే గాయపరిచినట్టు. పొడుగు మొండి వదిలితే అది ఎండి, పుచ్చు లోపలికి పోతుంది.

కోత మూడు దశల్లో. కాండానికి 30–40 సెంటీమీటర్ల దూరంలో కింద నుంచి పావు మందం కోయండి. దానికి కొంచెం బయటగా పై నుంచి కోసి కొమ్మను పడేయండి. మిగిలిన మొండిని కాలరు దగ్గర తీసేయండి. మొదటి కోత లేకపోతే పడే కొమ్మ బెరడును కాండం పొడవునా చీల్చుకుంటూ పోతుంది.

రంగు గురించి: అమెరికా అటవీ పరిశోధకుడు అలెక్స్ షిగో ఎన్నో చెట్లను చైన్‌సాతో నిలువునా కోసి చూసి, చెట్టు గాయాన్ని మాన్పదనీ, చుట్టూ గోడలు కట్టి వేరు చేస్తుందనీ 1970లలో వివరించారు. పై పూత ఆ గోడల్ని బలపరచదు. కొన్నిసార్లు తేమను లోపల బంధించి శిలీంధ్రానికే సాయపడుతుంది. వదిలేయమని చెప్పండి. కోత 10 సెంటీమీటర్ల లోపు ఉండేలా చూసుకుంటే చెట్టే పని పూర్తిచేస్తుంది.

తల నరికితే చుట్టూ గుబురుగా పిచ్చి చిగుళ్లు లేస్తాయి. అవి లోపలి చెక్క నుంచి కాక పైపైన పుట్టినవి, పట్టు తక్కువ. కొన్నేళ్లకు అదే ఎత్తు, కానీ కింద పుచ్చు, పైన విరిగే కొమ్మలు. ఎత్తు తగ్గించక తప్పదంటే పొడుగు కొమ్మను, దాని మందంలో కనీసం మూడో వంతున్న పక్క కొమ్మ దగ్గర కోయండి. ఒక విడతలో పచ్చి ఆకులో నాలుగో వంతు దాటించకండి. ఇంటివాళ్లకు ఇదంతా మాటల్లో చెప్పడం కష్టమే. గతంలో తల నరికిన చెట్టు ఏదైనా దగ్గర్లో ఉంటే దాని కిందికి తీసుకెళ్లి చూపించండి.

ప్రశ్న: చిన్న పనులకు ఒక్కడినే వెళ్లొచ్చా?

నేల మీద చేతి రంపంతో అయితే వెళ్లండి. రంపం మిషన్‌తో చెట్టెక్కే పనికి వద్దు. తాడుకు కదలకుండా వేలాడుతున్న మనిషి ప్రాణానికి నిమిషాల్లోనే ముప్పు. కాబట్టి ఎక్కి దింపగలిగినవాడు కిందే ఉండాలి. ఫోన్ చేయగలిగినవాడు ఉంటే చాలదు. రక్తం ఆపే పట్టీ, పెద్ద కట్టు హార్నెస్‌కే కట్టుకోండి, బండిలో ఉంటే మీకు అందవు. చిరునామా కాగితం మీద రాసి కింది మనిషి జేబులో పెట్టండి.

కరెంటు తీగలకు దగ్గరగా ఉన్న కొమ్మ అయితే సరఫరా సంస్థ లైను ఆపి, ఆపినట్టు ధ్రువీకరించేదాకా ఎక్కనే వద్దు. పచ్చి కొమ్మలోంచి, తడి తాడులోంచి కరెంటు పారుతుంది. ఎక్కువ ఓల్టేజీ తీగను తాకక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు.

ప్రశ్న: చిప్పర్ ముక్కలు చేయకుండా పొడుగాటి పీచులు వదులుతోంది, గొట్టం పూడిపోతోంది.

కత్తులు మొద్దుబారాయి, లేదా కత్తికీ అడుగు పట్టీకీ మధ్య ఎడం పెరిగింది. ఎడం ఎంతుండాలో ఆ యంత్రం పుస్తకంలో ఉంటుంది, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) చూడండి. బెల్టు జారుతున్నా ఇదే జరుగుతుంది: కత్తులు బిగించిన డిస్కు వేగం పడిపోయి ముక్కల్ని పైకి విసిరే గాలి చాలదు. తడి ఆకు ఒక్కటే వరసగా పెట్టకండి, మధ్యమధ్య గట్టి కొమ్మ పెడితే గొట్టం తుడుచుకుపోతుంది. నేల ఊడ్చిన చెత్త అసలు వేయొద్దు. ఒక్క గులకరాయి చాలు, కత్తుల అంచు పోతుంది.

మూత తెరిచే ముందు ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, డిస్కు పూర్తిగా ఆగేదాకా నిలబడండి. అది ఇంజన్ ఆగాక కూడా చాలాసేపు తిరుగుతుంది. తర్వాత పిన్ను పెట్టి డిస్కును కదలకుండా చేయండి. చెట్టు మీది మనిషి తాడు చిప్పర్ దరిదాపుల్లో ఉండకూడదు. కొమ్మతో పాటు లోపలికి పోతే తాడుకున్న మనిషినీ లాగేస్తుంది.

ప్రశ్న: ఒక రోజు పనని ఒప్పుకుంటే రెండు రోజులు పడుతోంది. అంచనా ఎలా వేయాలి?

మీరు కోతను లెక్కిస్తున్నారు, సర్దుడును లెక్కించడం లేదు. కోసిన కొమ్మలు ఈడ్చి, చిప్పర్‌లో వేసి, దుంగలు మోసి, ఊడ్చేందుకు కోతకంటే ఎక్కువ సమయం పడుతుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు చెట్టు నుంచి బండి నిలిపే చోటుకు అడుగులు లెక్కపెట్టండి. దారిలో మెట్లున్నాయా, సన్న గేటుందా చూడండి. నలభై అడుగుల దారిలో ఈడ్చే కొమ్మకూ, పక్కనే పడే కొమ్మకూ పోలికే లేదు.

తర్వాత చెట్టు చుట్టూ తిరగండి: మొదట్లో పుట్టగొడుగులు, తొర్రలు, పంగల్లో చీలికలు, తేనెపట్టు, పక్షి గూళ్లు. ఇవేవైనా ఉంటే పద్ధతే మారిపోతుంది. రేటు చెప్పేటప్పుడు పదును పెట్టే గంటలు, తాళ్ల అరుగుదల, పని లేని వాన రోజులు కలుపుకోవాలి. కాగితం మీద ఏ కొమ్మలు, ఎంత తగ్గింపు, మొద్దు ఎంత ఎత్తులో వదులుతారు, దుంగలు ఎవరివి, ముక్కలు ఎవరు తీసుకెళ్తారు అన్నవి రాసి సంతకం తీసుకోండి. చెట్టు ఎవరిది, కోతకు అనుమతి కావాలా అన్నది ఆ కాగితంలోనే ముందు వరసలో ఉండాలి.

ప్రశ్న: సాయంత్రం వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. చలిలో కొసలు తెల్లబడుతున్నాయి.

రంపం అదురు వల్ల వేళ్లలోని నరాలూ రక్తనాళాలూ దెబ్బతింటున్న గుర్తు ఇది. ముదిరితే తిరిగి రాదు కాబట్టి ఇప్పుడే వైద్యుడికి చూపించి, ఏం పని చేస్తారో చెప్పండి. రంపంలో పిడికీ ఇంజన్‌కూ మధ్యనున్న రబ్బరు దిమ్మలు, స్ప్రింగులు చూడండి, ఒక్కటి పగిలినా అదురు పెరుగుతుంది. మొద్దు చైన్, ఎత్తుపల్లాల లోతు కొలతలు కూడా కారణమే. పిడిని పిడికిలి బిగించి పట్టకుండా, రంపం బరువునే కోయనివ్వండి. చేతులు వెచ్చగా, పొడిగా ఉంచుకోండి, రంపం పనిని చిన్న చిన్న విడతలుగా పంచుకోండి. సన్న కొమ్మలకు చేతి రంపం తీయండి. చెట్టు మీద బ్యాటరీ రంపం సాధారణంగా పెట్రోలు దానికంటే తక్కువ అదురుతుంది, మోత కూడా తగ్గుతుంది. అయినా చెవి మూతలు తీయకండి.